బిడ్డ పాసు పోసేదాకా

ఇంకా పుట్టని బిడ్డ పాసు పోయాలి. అది జరిగేదాకా ఎవరూ ఏమీ తేల్చరు. స్కాన్ గది తలుపు వెనకాల మెత్తగా మూసుకుంది. పొట్ట మీద తుడిచీ తుడవని జెల్ చల్లగా బట్టకి అంటుకుంది. డాక్టరమ్మ మాటలు మాత్రం ఆమెతోపాటు తలుపు దాటి ఇవతలికి వచ్చేశాయి. బిడ్డ మూత్రాశయం బాగా నిండి ఉందమ్మా, అది నిండి ఉన్నప్పుడు కొలిస్తే కిడ్నీ సంచీ ఉన్నదానికంటే పెద్దగా కనిపించొచ్చు, ఓ గంట అటూ ఇటూ తిరిగి రండి, ఖాళీ అయ్యాక మళ్ళీ చూద్దాం. మంచిదే. తలూపి లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ నోరు ఊరుకోదుగా. ఇప్పుడెంత వచ్చింది డాక్టరుగారూ అని అడిగింది. అడుగుతుండగానే, అడక్కుండా ఉండాల్సిందని తెలిసిపోయింది. "పది" అందావిడ చేతి తొడుగు లాగేసుకుంటూ. "కానీ ఈ పదిని నేను లెక్కలోకి తీసుకోను." ఆవిడ తీసుకోదు, బాగానే ఉంది. మరి ఆ పదిని ఎవరు తీసుకోవాలి? గదిలో మర్చిపోయి రావడానికి అదేమన్నా గొడుగా? ఆమే తీసుకుంది. పది మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు వెడల్పంత. అంత చిన్నదాన్ని మోసుకుంటూ నడవా చివరిదాకా రావడానికి ఇంత ఆయాసమేమిటి?

భర్త కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేతిలో పెద్ద నీళ్ళ సీసా. ఆమెను చూడగానే అలవాటుకొద్దీ మూత తిప్పబోయాడు.

"ఏమన్నారు?"

"పాసు పోయాలట."

"వెళ్ళిరా మరి. బాత్రూమ్ ఆ చివర."

"నేను కాదండీ. లోపలున్నది."

అతను ఆమె పొట్టవైపు చూశాడు. ఎక్కడినుంచి కారుతోందో తెలియని గోడను ఎలా చూస్తాడో సరిగ్గా అలాగే. "ఎంతసేపు పడుతుందట?"

"దాన్నే అడగండి. ఆ సీసా మాత్రం దాచేయండి. డాక్టరమ్మ చూసిందంటే మీకు పడతాయి తిట్లు."

ఆ సీసా దగ్గరే వచ్చింది చిక్కంతా. ఐదో నెల స్కాన్‌లో ఎడమ కిడ్నీ దగ్గర మూత్రం పోగయ్యే చిన్న సంచీ కాస్త ఉబ్బినట్టుందని, ఆరు ఉందని తేలినప్పుడు డాక్టరమ్మ చక్కగా నచ్చజెప్పింది. ఇది చాలామంది పిల్లల్లో కనిపిస్తుందమ్మా, ఎక్కువమందిలో దానంతటదే సర్దుకుంటుంది, కానీ ఎనిమిదో నెలలో మరోసారి చూసుకుందాం. ఆమెకు వినిపించింది "కానీ" ఒక్కటే. భర్తకు వినిపించింది "ఉబ్బు" ఒక్కటే. ఆ సాయంత్రం అతను తమ పైపుల దుకాణంలో అట్టపెట్టె ఒకటి చింపి, దాని వెనక పెన్సిల్‌తో రెండు కిడ్నీలు, రెండు గొట్టాలు, కింద ఒక ట్యాంకు గీశాడు. ఇదిగో ఇక్కడ, అని ఎడమ గొట్టం మొదట్లో గుండ్రంగా చుట్టాడు, ఇక్కడ ఫ్లో ఆగుతోందన్నమాట. అయితే జాయింట్ ఇరుకై ఉండాలి, లేకపోతే కిందినుంచి వెనక్కి తన్నుతూ ఉండాలి. రెంటిలో ఏదైనా తెలియాలంటే ఫుల్ ప్రెజర్‌లో చూడాలి. పైపుల పనివాడికి ప్రపంచమంతా పైపే. కొత్త ఇంటికి లైన్ వేస్తే చివర్లకు మూతలు బిగించి, నీళ్ళు నింపి, గేజ్ పెట్టి, రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నకి ముల్లు కదలకుండా ఉంటేనే గోడ పూస్తారు. ఖాళీ లైన్‌కి టెస్టేమిటి అంటాడతను ఎప్పుడూ. అందుకని ఇవాళ ఆమె నిద్ర లేచింది మొదలు గ్లాసు మీద గ్లాసు తాగించాడు. ఆటోలో కూడా వదల్లేదు. ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క అంటూ. ఆమెకు తెలియదా? తెలుసు. పొట్టలో ఉన్నది పైపు లైన్ కాదని తెలుసు. కానీ తొమ్మిదేళ్ళుగా ఆ దుకాణం కౌంటర్ వెనక కూర్చుని పైపుల్ని కలిపే ఎల్బోలూ టీలూ యూనియన్లూ అమ్మిన బుర్ర కదా, అతను చెబుతుంటే నిజమేననిపించింది. తాగేసింది. డాక్టరమ్మ ఇందాక తెర మీద చూస్తూ, ఇన్ని నీళ్ళు ఎవరు తాగమన్నారమ్మా అంది. మా ఆయనండీ, టెస్ట్ కోసం లైన్ నింపారు. ఆవిడ తెర మీదినుంచి తల తిప్పి ఆమెను చూసింది. తర్వాత, "మీరు మనిషమ్మా, బిల్డింగ్ కాదు" అంది.

నవ్వొచ్చేదే. ఇంకో రోజైతే ఇంటికెళ్ళేదాకా నవ్వేది. ఇవాళ నవ్వు గొంతులోకి వచ్చి అక్కడ పది కనపడి వెనక్కి పోయింది. ఎందుకంటే ఈ మూడు నెలలుగా ఆమె తనతో తానే ఒక పందెం వేసుకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఏడుకి లోపు వస్తే ఇక మర్చిపోవచ్చని డాక్టరమ్మే అంది. పదీ, ఆపైన అయితే ఇక్కడ కాన్పు వద్దు, పక్క ఊళ్ళో పెద్దాసుపత్రికి రాస్తాను, అక్కడ పిల్లల కిడ్నీ డాక్టరు ఉంటారు అని కూడా ఆవిడే అంది. ఆ రెండు అంకెల మీదా ఆమె తన పందెం కాసింది. ఏడు లోపైతే అమ్మకి ఈ సంగతి జన్మలో చెప్పక్కర్లేదు. పది దాటితే చెప్పక తప్పదు, కాన్పుకి వచ్చే మనిషికి ఆసుపత్రి ఎందుకు మారిందో చెప్పాలిగా. మధ్యలో ఇంకేమీ లేదు. చెప్పాలా, వద్దా అనేది తను తేల్చుకోవాల్సిన పని లేకుండా స్కానే తేల్చేస్తుంది. ఎంత హాయి! మూడు నెలలు ఆ హాయి మీదే నిద్రపోయింది.

అమ్మకి ఎందుకు చెప్పకూడదు? నడవాలో ఒక చివరినుంచి ఇంకో చివరికి నడుస్తూ, పొట్ట కింద చెయ్యి వేసుకుని, ఎడమవైపు గోడకున్న అద్దంలో తనను తాను చూడకుండా దాటుతూ, ఆమె దానికి జవాబు వెతుక్కోలేదు. జవాబు ఎప్పుడూ తయారుగానే ఉంది. దాని పేరు బుడ్డోడు. తమ్ముడు. పుట్టినప్పుడు వాడికేమీ లేదు, లేదనుకున్నారు. గుమ్మటంలా ఉన్నాడని అందరూ ముద్దుచేశారు. తర్వాత జ్వరాలు మొదలయ్యాయి. పళ్ళు వస్తున్నాయన్నారు, ఎండ అన్నారు, వాన అన్నారు, దిష్టి అన్నారు, స్కూలు మానడానికి నాటకమన్నారు. ప్రతిసారీ ఏదో మందు, నాలుగు రోజులకి తగ్గడం, నెల తిరక్కముందే మళ్ళీ రావడం. వాడికి ఎనిమిదో ఏడు వచ్చాక ఎవరో డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, ఇదేమిటి ఇక్కడ గట్టిగా అన్నాడు. అప్పటికి ఎడమ కిడ్నీ కిడ్నీగా లేదు, నీళ్ళ తిత్తిగా మారిపోయి ఉంది. తీసేశారు. కథ అంతే. వాడు బతికాడు, పెరిగాడు, ఒక్క కిడ్నీతోనే మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి ఈత నేర్పుతున్నాడు. పక్కటెముకల కిందినుంచి పొట్టదాకా ఉన్న కుట్ల గీత చూసి పిల్లలు అడిగితే సొరచేప కరిచిందంటాడు. సగంమంది నమ్ముతారు. మిగతా సగం, మరి సొరచేప ఏమైంది మాస్టారూ అని అడుగుతారు. తిన్నానంటాడు.

వాడికైతే అది కథ. అమ్మకి కాలేదు. అమ్మకి అది ఆనాటినుంచీ ఆగని ఉద్యోగం. పడుకున్నవాడి నుదుటి మీద చెయ్యి, తింటున్నవాడి మెడ మీద చెయ్యి, నవ్వుతున్నవాడిని కూడా ఆపి చెయ్యి. ఇంట్లో గడియారం కంటే థర్మామీటరే ఎక్కువసార్లు చూసేవాళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాడి ఒంట్లో సంగతి, తర్వాతే కుర్చీ. ఆమె అప్పటికి పదకొండేళ్ళ పిల్ల. ఒంట్లో ఏమీ లేని పిల్ల. ఏమీ లేకపోవడం కూడా ఒక విధంగా తప్పేనేమో అనిపించే ఇల్లు అది. క్లాసులో ఫస్టొచ్చి పరిగెత్తుకుంటూ వస్తే, మెల్లిగా, తమ్ముడు పడుకున్నాడు అనేది అమ్మ. కోపం లేదు ఇప్పుడు. పెళ్ళయి, దుకాణం నడుపుతూ, ముప్పై దాటినదానికి ఇంకా కోపమేమిటి? భయం మాత్రం ఉంది. కిడ్నీని చూసి కాదు. ఈ లోపలున్నది బయటికి రాకముందే, దానికి ముక్కు ఎవరిదో జుట్టు ఎవరిదో తెలియకముందే, జబ్బు పిల్ల అయిపోతుందేమోనని భయం. అమ్మ వచ్చి చెయ్యి పెడుతుంది. అమ్మ చెయ్యి చూసి అత్తగారు పెడుతుంది. ఆ చేతులన్నిటినీ చూసి చూసి ఒకరోజు తనూ పెడుతుంది. పెట్టిన చెయ్యి ఇక తియ్యదు.

నడవా చివర తాగునీళ్ళ కూలర్ ఉంది. దాని కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఎంతమంది దాటిపోతున్నారో, ఎవరికీ పట్టలేదు. భర్త మాత్రం ఇందాకటినుంచి కూర్చున్నచోటే కుదురుగా లేడు. చివరికి లేచి వెళ్ళి, అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న స్పానర్ తీసి, ఒక్క తిప్పు తిప్పి వచ్చి కూర్చున్నాడు. చుక్క ఆగింది. ఆసుపత్రికి స్పానర్ ఎవరైనా తెస్తారా? ఇతను పెళ్ళిచూపులకే తెచ్చాడు. అప్పుడు ఆమె పుట్టింట్లో వంటింటి సింకు కింద కూర్చుని, కాబోయే అత్తగారికి వాషర్ మార్చి, ఆ తర్వాతే పెళ్ళికూతుర్ని చూశాడు. అమ్మ ఆ ఒక్కదానికే ఒప్పేసుకుంది. అతనికి ఏ చిన్న లోపమైనా సరిచేయదగ్గదే. దుకాణానికి వచ్చేవాళ్ళూ అంతే. విరిగిన ముక్కని గుడ్డలో చుట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, ఇలాంటిదే కావాలి వదినా అంటారు. ఆమె ముక్కని అరచేతిలో తిప్పి చూసి, వెనక్కి తిరిగి ఏ అరలో చెయ్యి పెట్టాలో ఆలోచించకుండానే పెడుతుంది. అర అంగుళం, ముప్పావు, ఒకటి, ఒకటింపావు. పాతది పడేసి కొత్తది బిగించుకుంటారు, పని అయిపోతుంది. ఇంత సులువైన వ్యాపారం ఇంకోటి లేదు. అలాంటి చోట ఇన్నేళ్ళు కూర్చున్నందుకేనేమో, ఏదైనా పాడైంది అనగానే వెనక్కి తిరిగి అరలు వెతకడం ఆమెకు అలవాటైపోయింది. ఈసారి వెనక్కి తిరిగితే గోడ. అరలు లేవు.

ఫోన్ మోగింది. అత్తగారు. దుకాణం ఇవాళ ఆవిడ చేతిలో ఉంది.

"ఏమైంది అమ్మాయ్?"

సంగతి చెప్పింది. అవతల ఎవరో మోటారు పంపు గురించి గొడవపెడుతున్నారు. ఆవిడ వాళ్ళని ఆగమని, "దానికింత ఆలోచనెందుకు? ఫోన్ పొట్ట దగ్గర పెట్టు" అంది.

"అత్తయ్యా, ఇక్కడ అందరూ ఉన్నారు."

"ఉంటే ఉన్నారు. నీ మొగుడికి రెండేళ్ళొచ్చేదాకా పాసు పోయించింది ఎవరనుకున్నావ్? పెట్టమంటుంటే!"

ఆవిడతో వాదించడం కంటే పెట్టడమే తేలిక. పెట్టింది. స్పీకర్ ఎప్పుడు నొక్కుకుందో ఏమో, కుర్చీల వరసలన్నీ వినేలా ఫోన్లోంచి సాగదీసిన చప్పుడొచ్చింది. "ష్ష్ష్ష్... ష్ష్ష్ష్ష్... నా బంగారం కదూ... ష్ష్ష్ష్ష్..." పత్రిక చదువుతున్నావిడ పత్రిక దించింది. శబ్దం లేని టీవీలో గోడకి రంగేస్తున్న మనిషిని చూస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. భర్త సీసా మూత మీద రాసినదాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఎదురు వరసలో కర్ర పట్టుకు కూర్చున్న పెద్దాయన ఒకసారి ఇబ్బందిగా కదిలి, లేచి, బాత్రూమ్ వైపు గబగబా నడిచాడు.

"పోసిందా?" అంది అత్తగారు.

"ఒకాయన పోయడానికి వెళ్ళారు."

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే పొట్టంతా కదిలింది, లోపలున్నది కూడా ఒక్క తన్ను తన్నింది. తన్నడం తెలుస్తుంది. వెక్కిళ్ళు తెలుస్తాయి, చిన్నగా గడియారం కొట్టుకున్నట్టు. బోర్లా తిరిగితే పక్కటెముకకి కాలు తగలడం తెలుస్తుంది. కానీ పాసు పోస్తే తెలియదు. ఎలా తెలుస్తుంది? చుట్టూ ఉన్న నీళ్ళు ఎక్కువభాగం అదేనని డాక్టరమ్మే చెప్పింది. పోసిందే తాగడం, తాగిందే పోయడం. భర్త అది విని, మోటారు లేకుండా సర్క్యులేషన్ అని ఒక పూటంతా మెచ్చుకున్నాడు. నీళ్ళు సరిపడా ఉన్నాయంటే పని జరుగుతున్నట్టేనమ్మా అంది డాక్టరమ్మ. ఆ మాట ఆ రోజు ఎందుకు వినిపించలేదు? ఇప్పుడు, మూడు నెలల తర్వాత, ఈ నడవాలో వినిపిస్తోంది. మంచి మాటలకి కాళ్ళు తక్కువ, ఆలస్యంగా వస్తాయి. చెడ్డవి ముందే వచ్చి మంచం వేసుకుని ఉంటాయి.

కూర్చుంటే లాభం లేదని బయటికి వచ్చారు. ఆసుపత్రి చుట్టూ సిమెంటు దారి ఉంది. పక్క వీధిలో ఏదో లైన్ కోసం రోడ్డు తవ్వి పోశారు. భర్త నడుస్తూ నడుస్తూ గుంట అంచున ఆగాడు. తల వంచి చూసి, ఇంత వంపుకి రెండు ఎల్బోలు చాలు, నాలుగేశాడు చూడు అన్నాడు. ఆమె చూసింది. నిజమే, నాలుగు. ఎవరిదో చెయ్యి తిరగని పని. ఏమవుతుంది నాలుగుంటే? నీళ్ళు కాస్త నెమ్మదిగా పోతాయి. పోవడం మానవు. ఆ ఆలోచన పట్టుకుని కొంతదూరం నడిచింది. తమ్ముడు ఫోన్ చేశాడు. ఆమె వైపు వాళ్ళలో చెప్పింది వాడొక్కడికే.

"ఏమంటోంది అక్కా నా మేనల్లుడో మేనకోడలో?"

"పాసు పొయ్యట్లేదురా."

"మా వైపు బుద్ధులు. తొందరపెడితే పని జరగదు."

"పది వచ్చిందిరా."

వాడి వెనక కొలనులో పిల్లల అరుపులు, ఎవరో దూకిన చప్పుడు, ఈల. తర్వాత వాడి గొంతు కాస్త దగ్గరగా వచ్చింది. "అక్కా, నాది ఎంత ఉండేదో ఎవరైనా కొలిచారా? లేదు కదా. కొలవలేదు కాబట్టే కదా అంతదూరం పోయింది. దీన్ని పుట్టకముందే కొలుస్తున్నారు. మొహం చూడకుండానే కిడ్నీ చూసేశారు. ఇంకేం కావాలే నీకు? ఒరేయ్, అక్కడ లోతు, అటు పోకు! సర్లే అక్కా, వీడొకడు మునిగేలా ఉన్నాడు. పెట్టేస్తున్నా. అమ్మకి చెప్పు."

"అంకె తేలాక."

"అంకెదేముందే..." అంటుండగానే మళ్ళీ ఈల, ఫోన్ తెగింది.

వాడిని ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన రోజు కూడా వాడే మాట్లాడాడు. చక్రాల బల్ల మీద పడుకుని, నెట్టుకెళుతున్నవాళ్ళతో, ఇది ఇంకా స్పీడు పోదా అన్నాడు. పక్కనే నడుస్తున్న అమ్మ వాడి నుదుటి మీది చెయ్యి తలుపు దాకా తియ్యలేదు. తలుపు దగ్గర ఎవరో ఆ చేతిని పట్టుకుని పక్కకి తీయాల్సివచ్చింది. ఆ తర్వాత అమ్మ ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. ఖాళీ చెయ్యి. పక్క కుర్చీలో పదకొండేళ్ళ కూతురు ఉంది. ఆ చెయ్యి ఇటు రాలేదు. వస్తుందేమోనని కుర్చీ కొంచెం జరుపుకున్నట్టు కూడా గుర్తు. చాలు. ఇన్నేళ్ళ తర్వాత కుర్చీలు జరపడమేమిటి? సమయం అయినట్టుంది, రా అంటున్నాడు భర్త. తవ్విన మట్టి చెప్పులకి అంటుకుంటే మెట్ల అంచుకి రాసి, లోపలికి నడిచింది.

ఈసారి డాక్టరమ్మ అతన్ని కూడా లోపలికి రానిచ్చింది. "సీసా బయట పెట్టి రండి" అంది. మళ్ళీ చల్లటి జెల్, మళ్ళీ పొట్ట మీద ఆ పరికరం బరువు. తెర మీద బూడిదరంగు మబ్బులు, వాటి మధ్య నల్లటి గుంట ఒకటి, గుండ్రంగా, నిండుగా. అది మూత్రాశయమని ఇందాకే తెలిసింది. ఇంకా నిండే ఉంది. ఇంత తిరిగినా, ఇంతమంది బతిమాలినా, ఫోన్లో నాయనమ్మ బంగారం అన్నా, చలించలేదు. డాక్టరమ్మ పరికరం తియ్యలేదు. ముగ్గురూ ఆ నల్లటి గుంటను చూస్తూ ఉండిపోయారు. ఆమెకి పది గుర్తొచ్చింది, పక్క ఊరి ఆసుపత్రి గుర్తొచ్చింది, అమ్మకి ఫోన్ చేసి మొదటి మాట ఏమనాలో వెతుక్కోవడం మొదలైంది. అప్పుడు గుంట అంచు కదిలినట్టయింది. కళ్ళు మూసి తెరిచింది. నిజంగానే కదిలింది. గుండ్రంగా ఉన్నది కోలగా అయింది, కోలగా ఉన్నది సన్నబడింది.

"ఇదిగో" అంది డాక్టరమ్మ మెల్లగా. "పోస్తోంది."

భర్త మంచం మీదుగా ముందుకు వంగిపోయాడు. "ఫ్లో బాగుందండీ" అన్నాడు.

"బాగుంది" అంది డాక్టరమ్మ. ఆవిడకీ నవ్వొచ్చింది.

నల్లటి గుంట ఇప్పుడొక గీత. డాక్టరమ్మ పరికరాన్ని పక్కకి జరిపింది. కిడ్నీ కనపడింది, చిక్కుడు గింజలా, మధ్యలో నల్లటి చీలికతో. తెర మీద రెండు గుర్తులు పెట్టి కొలిచింది. చెరిపేసి మళ్ళీ కొలిచింది. ఇంకోసారి. ఆమె ఊపిరి తీయడం మానేసిందని డాక్టరమ్మకి తెలిసినట్టుంది, ఊపిరి తీయమ్మా, నువ్వు ఆపితే కొలత మారదు అంది.

"ఎనిమిది."

ఎనిమిది! ఏడు కాదు. పదీ కాదు. మూడు నెలలు ఆమె మనసులో ఆ రెండు అంకెలకీ మధ్య ఏమీ లేదు. ఇప్పుడు అక్కడ ఎవరో తీరిగ్గా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మరోసారి చూస్తారా? ఏడు రాదా?" అంది. ఆ అడగడం తనకే చిన్నతనంగా వినిపించింది.

"రాదమ్మా, ఎనిమిదే. ఇది కంగారు పడేది కాదు, మర్చిపోయేదీ కాదు. కాన్పు ఇక్కడే. పుట్టాక కొద్దిరోజులకి ఒక స్కాన్, నెల దాటాక ఇంకోటి. మొదటి ఏడాది జ్వరమొస్తే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా తీసుకురండి. అంతే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతది ఆ తర్వాత చూసుకుందాం. ఎక్కువమందికి ఏమీ అక్కర్లేదు. కొద్దిమందికి మందు, ఇంకా కొద్దిమందికి చిన్న ఆపరేషన్. మీది దేంట్లో పడుతుందో ఇవాళ నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను."

తెలియదు అని ఇంత స్పష్టంగా చెప్పిన మనిషిని ఆమె ఇంతకుముందు చూడలేదు. విచిత్రంగా, ఆ మాట దగ్గరే కాళ్ళకి నేల తగిలింది. జెల్ ఈసారి శుభ్రంగా తుడుచుకుంది. బయటికి వచ్చారు. భర్త దారి పొడుగునా ఎనిమిది మంచిదే, ఎనిమిది చాలా మంచిది, ఆరు నుంచి పదికి పోయి ఎనిమిదికి దిగిందంటే దిగుతున్నట్టేగా అని లెక్కలు కడుతూ, వాళ్ళమ్మకి ఫోన్లో అదే చెబుతూ ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. ఆమె మెట్ల దగ్గర ఆగింది. స్కాన్ తన పని తను చేసి ఊరుకుంది. చెప్పాలా వద్దా అన్నది మాత్రం తేల్చలేదు, అది వెనక్కి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే, చెప్పకూడదని తను అనుకున్నందుకే చెప్పనట్టు. చెబితే, చెప్పాలని తను అనుకున్నందుకే. అంకె వెనక దాక్కోవడానికి చోటు లేదు. ఎండ మొహం మీద పడుతోంది. ఫోన్ తీసింది. మొదటి మాట ఇంకా దొరకలేదు. దొరక్కుండానే నొక్కేసింది.

"అమ్మా, నీకో సంగతి చెప్పాలి. ఐదో నెలలో స్కాన్ తీసినప్పుడు..."

"ఎంత వచ్చిందే ఇవాళ?" అంది తల్లి.

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"నీకు తెలుసా?"

"మీ అత్తగారు ఆ రోజే చెప్పింది. చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావని కూడా చెప్పింది, ఒట్టేసి మరీ చెప్పింది. ఎంత వచ్చింది?"

"ఎనిమిది. ఏం పరవాలేదట. పుట్టాక చూస్తారట. అమ్మా, మూడు నెలలు! రోజూ ఫోన్లో మాట్లాడావు. ఒక్కసారి కూడా అడగలేదే?"

"అడిగేదాన్నే. ప్రతిరోజూ నాలిక చివరిదాకా వచ్చేది. ఆ మాటని ఇంట్లో పెట్టి తాళం వేసి, బయటికొచ్చి నీతో మాట్లాడేదాన్ననుకో." అంది తల్లి. "నేనడిగితే నీకు వాడి జ్వరాలు గుర్తొస్తాయని ఊరుకున్నా. వాడికి జ్వరమొచ్చిన ప్రతిసారీ నువ్వెళ్ళి మంచం కింద దూరేదానివి. గుర్తుందా? గంటలు గంటలు. నిన్ను బయటికి లాగాలని ఉండేది. చేతులు ఖాళీ ఉండేవి కావు."

మంచం కింద. గచ్చు చల్లదనం, పాత ట్రంకు పెట్టె అంచు, పైన పరుపు మీద తమ్ముడు కదిలినప్పుడల్లా కిర్రుమనే నవారు. తనొక్కతే ఎరుగుననుకున్న చోటు అది. భర్తకి కూడా చెప్పలేదు. తమ్ముడికి తెలియదు.

"నువ్వు చూశావా?" అంది. "ఎవరికీ కనపడలేదనుకున్నానే."

"కనపడకేం? కాళ్ళు రెండూ బయటికే ఉండేవి."

రోడ్డు మీదినుంచి భర్త ఆటో దొరికిందని చెయ్యి ఊపుతున్నాడు. ఆమె అతన్ని కాసేపు ఆగమన్నట్టు చెయ్యి చూపించి, మెట్టు మీద కొంచెం వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి కూర్చుంది.

"చెప్పు" అంది తల్లి. "మొదటినుంచి."

ఆమె మొదటినుంచి చెప్పింది.